నాలుగు నిమిషాల హిట్‌కి నలభై నిమిషాలు ఎందుకు పడుతుంది: వైజాగ్‌లో తీరిక లేనివాళ్ళ కార్డియో లెక్క

నేను మొదటిసారి హిట్ అనే వ్యాయామం చేసింది మా హాల్లో, తెల్లవారుజామున అయిదున్నరకి, టీపాయ్ మీద పూలకుండీకి ఫోన్ ఆనించి పెట్టుకుని. సరిగ్గా పదకొండు నిమిషాలు నడిచింది. పన్నెండో నిమిషంలో కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే కింద ఫ్లాట్ పెద్దాయన, బనీను మీద తువ్వాలు కప్పుకుని, కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉన్న మొహంతో, "ఏటి బాబూ, ఇంత పొద్దున్నే పిండి దంచుతున్నారేటి?" అన్నారు. అవి బర్పీలు, అంటే నేల మీదికి వంగి లేచి గెంతడం. సారీ చెప్పి తలుపేసి వెనక్కి వస్తే ఫోన్ వీడియోలో అమ్మాయి ఇంకా నవ్వుతూ గెంతుతూనే ఉంది, నాకు మాత్రం ఎడమ పిక్క పట్టేసింది. ఆ పిక్క పది రోజులు వదల్లేదు. మద్దిలపాలెంలో బస్సెక్కి గాజువాక దాకా సగం రోజులు నిలబడే వెళ్ళేవాడికి ఆ పది రోజులు ఎలా గడిచాయో వేరే చెప్పక్కర్లేదు.

అప్పటికి నాకు కొత్తగా నలభై నిండాయి, బెల్టు ఒక కన్నం వెనక్కి జరిగింది, ఆఫీసు చెకప్‌లో షుగర్ బోర్డర్ దగ్గర ఉందన్నారు. టైం లేనివాళ్ళకి హిట్టే మందు అని ఎవరిని అడిగినా చెప్పారు. అందులో సగం నిజం. మిగతా సగం ఏమిటో తెలియడానికి నాకు ఆ పిక్కా, ఒక జిమ్ముకి కట్టిన ఏడాది ఫీజూ (వెళ్ళింది పదకొండు రోజులు, జిమ్ము తప్పేమీ లేదు) ఖర్చయ్యాయి. మీకు అవి ఖర్చు కాకుండా ఉండాలని ఇది రాస్తున్నాను.

ముందు పేర్లు తేల్చుకుందాం. హై ఇంటెన్సిటీ ఇంటర్వల్ ట్రైనింగ్, అందరూ హిట్ అనేది, అంటే కొంతసేపు మాట రానంత గట్టిగా చేసి, కొంతసేపు తేరుకుని, మళ్ళీ గట్టిగా చేయడం. స్టెడీ కార్డియో అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో పోవడం, అది నడక కావచ్చు, మెల్లటి జాగింగ్ కావచ్చు, సైకిల్ కావచ్చు. వైజాగ్ వాళ్ళకి ఈ రెండోది ఎవరూ నేర్పక్కర్లేదు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన అరవై ఏళ్ళ ఆడవాళ్ళు, చాలామంది చెప్పులు కూడా లేకుండా, ఇంటి కబుర్లు చెప్పుకుంటూ, ఎక్కడా తొందరపడకుండా తెల్లారేసరికి చుట్టేసి వస్తారు. వాళ్ళని దాటేసి హనుమంతవాక దాకా పరుగులాంటి నడక నడిచిన కుర్రాళ్ళు అప్పూఘర్ దగ్గర అరికాళ్ళు నొక్కుకుంటూ కూర్చుని కనిపిస్తారు. నేనూ ఒక ఏడాది అలా కూర్చున్నవాడినే.

ఆ నాలుగు నిమిషాల అసలు కథ

"టబాటా, నాలుగు నిమిషాలు చాలు" అనే ప్రతి వీడియో వెనకా 1996లో జపాన్‌లో ఇజుమి టబాటా బృందం ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. ఒక గుంపుకి ఇరవై సెకన్లు గట్టిగా, పది సెకన్లు విశ్రాంతి, అలా ఏడెనిమిది సార్లు, ఇక తొక్కలేను అనేదాకా. ఇంకో గుంపు చేత రోజూ గంటసేపు మధ్యస్థంగా సైకిల్ తొక్కించారు. రెండు గుంపులూ వారానికి అయిదు రోజులు, ఆరు వారాలు. చివరికి చూస్తే గుండె, ఊపిరితిత్తుల సత్తా రెండు గుంపుల్లోనూ పెరిగింది. నాలుగు నిమిషాల గుంపుకి దాంతోపాటు, ఆక్సిజన్ సరిపోనప్పుడు కండరం నెట్టుకొచ్చే శక్తి కూడా 28 శాతం పెరిగింది.

ఇంతవరకూ వీడియోలు చెప్తాయి. చెప్పనివి ఏమిటంటే, అది నేలకి బిగించిన సైకిల్ మీద చేసింది, గెంతుళ్ళు కాదు. తొక్కినవాళ్ళు క్రీడల చదువు చదువుతున్న కుర్రాళ్ళు, మనలాగా బస్సులో గంటా కుర్చీలో తొమ్మిది గంటలూ గడిపేవాళ్ళు కాదు. గట్టిగా తొక్కే ముందు పది నిమిషాలు వార్మప్ ఉంది. అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి, ఆ హిట్ గుంపు కూడా వారంలో ఒక రోజు అరగంట ఆగకుండా స్టెడీగా తొక్కి, ఆ తర్వాతే నాలుగు సెట్లు చేసింది! అంటే టబాటా పేరు చెప్పి స్టెడీ కార్డియోని తిట్టేవాళ్ళు టబాటా కూడా దాన్ని వదల్లేదని చూసుకోలేదన్న మాట.

అలాగని హిట్‌ని తీసిపారేయడానికి లేదు. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో ప్రచురించిన పరిశోధన మనకి ఇంకా దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అందులో ఉన్నది అసలు వ్యాయామం అలవాటు లేని మగవాళ్ళు. ఒక గుంపు సైకిల్ మీద 45 నిమిషాలు మామూలుగా తొక్కింది. ఇంకో గుంపు మొత్తం పది నిమిషాలే, అందులో ఇరవై సెకన్ల చొప్పున మూడే మూడు సార్లు ప్రాణం పెట్టి తొక్కి, మిగతాదంతా మెల్లగా కాళ్ళు ఆడించింది. వారానికి మూడు రోజులు, 12 వారాలు. ఫిట్‌నెస్ రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా, సుమారు 19 శాతం పెరిగింది. కాబట్టి తక్కువ టైంలో ఎక్కువ ఫలితం అనేది అబద్ధం కాదు. కాకపోతే ఆ ఇరవై సెకన్లు నిజంగా ప్రాణం పెట్టి చేయాలి, ఫోన్ స్టాండ్ ముందు చేసే గెంతుళ్ళలో అది చాలామందికి రాదు, ముందు మోకాలో పిక్కో అడ్డం పడుతుంది.

కొవ్వు సంగతి త్వరగా చెప్పి వదిలేస్తాను. హిట్ తర్వాత రోజంతా కేలరీలు కరుగుతూనే ఉంటాయని చెప్పేది బాగా ఊదిన బెలూన్. ఆ తర్వాత కరిగేది ఉంటుంది, కానీ వ్యాయామంలో ఖర్చయినదాంట్లో పదో వంతు, అటూ ఇటూ. బరువు తగ్గడంలో రెండింటికీ పెద్ద తేడా లేదు, అక్కడ నిర్ణయించేది సాయంత్రం బీచ్‌లో తినే మూరీ మిక్చర్, దాని పక్కన బజ్జీ, ఇంటికొచ్చాక మళ్ళీ అన్నం.

చెమట లెక్క

ఎవరూ లెక్కలో వేయనిది చెమట. పది నిమిషాల హిట్ అని కెనడా వాడు రాసుకుంటే సరిపోతుంది, మన ఊళ్ళో సముద్రం గాలికి ఒంటి మీద చెమట ఆరదు, కారుతుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, ఆరకపోతే గుండె అదే పనికి ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. గట్టిగా చేసి వచ్చి వెంటనే స్నానం చేస్తే తువ్వాలుతో తుడుచుకుంటుండగానే మళ్ళీ చెమట. అందుకని ఫ్యాన్ కింద పావుగంట కూర్చోవాలి. నా లెక్క ఇది: బూట్లు వేసుకుని కిందికి దిగడానికి అయిదు నిమిషాలు, వార్మప్ ఎనిమిది, గట్టి పని మధ్యలో విశ్రాంతితో కలిపి పది, కూల్‌డౌన్ అయిదు, ఫ్యాన్ కింద పావుగంట. స్నానం ఎలాగూ చేస్తాం కనుక దాన్ని వదిలేసినా నలభై మూడు నిమిషాలు. నాలుగు నిమిషాల టబాటా చేసినా నలభైకి పెద్దగా తగ్గదు.

ఇప్పుడు నడక చూడండి. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు నేను మద్దిలపాలెం దాకా రాకుండా గురుద్వారా దగ్గర దిగిపోతాను. అక్కణ్ణుంచి సత్యం జంక్షన్ మీదుగా ఇంటికి దాదాపు అరగంట నడక. ట్రాఫిక్‌లో బస్సు అదే దూరానికి తినే టైం తీసేస్తే నాకు అదనంగా పడేది పావుగంట. బట్టలు మార్చుకునే పని లేదు, ఎలాగూ ఇంటికొచ్చి స్నానం చేస్తాను. గమనించండి, నడవాల్సింది వచ్చేటప్పుడు, వెళ్ళేటప్పుడు కాదు. వెళ్ళేటప్పుడు నడిస్తే తడిసిన చొక్కాతో ఏసీలో కూర్చోవాలి, పక్క సీటువాళ్ళ దీవెనలు కూడా ఉంటాయి. ఆఫీసు బ్యాగులో పాత స్పోర్ట్స్ షూ ఒకటి పడేసుకుంటే చాలు, లెదర్ బూట్లతో రోజూ అంత నడిస్తే మడమ నొప్పి ఖాయం.

ఇంకొకటి, ఇది నాకు అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైంది. తీరిక లేనివాడికి నిజంగా లేనిది నిమిషాలు కాదు, ఓపిక. నిద్ర అయిదున్నర గంటలు, సగం భోజనం ఫోన్లో మాట్లాడుతూ, బాస్ టెన్షన్, పిల్లల ట్యూషన్. హిట్ నిమిషాలు తక్కువ తీసుకుంటుంది గానీ ఓపిక బాగా గుంజుతుంది, తేరుకోవడానికి ఒకటి రెండు రోజులు కావాలి. మెల్లటి నడక నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది, ఓపికకి మాత్రం ఇంచుమించు ఏమీ అడగదు, చాలాసార్లు తిరిగి ఇస్తుంది కూడా. అందుకే వారంలో అయిదు రోజులు హిట్ పెట్టుకున్నవాడు మూడో వారంలో మానేస్తాడు, ఒకటి లేదా రెండు రోజులు పెట్టుకున్నవాడు నిలబడతాడు. మిగతా రోజులు నడకే.

ఎలా మొదలుపెట్టాలి

ఏళ్ళ తరబడి ఏమీ చేయనివాళ్ళు మొదటి నాలుగు వారాలు హిట్ మాట ఎత్తకండి. నడవండి, వారంలో అయిదు రోజులు, అరగంట. దీంతో వారానికి 150 నిమిషాలు అవుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన కనీస లెక్క అదే. మధ్యస్థంగా అయితే 150 నుంచి 300 నిమిషాలు, గట్టిగా అయితే 75 నుంచి 150, లేదా రెండూ కలిపి. అరగంట ఒకేసారి నడవాలని కూడా లేదు, పది పది నిమిషాలుగా మూడుసార్లు నడిచినా లెక్కలోకి వస్తుంది. షుగర్ బోర్డర్‌లో ఉన్నవాళ్ళు అందులో ఒక పది నిమిషాలు అన్నం తిన్న వెంటనే పెట్టుకుంటే ఇంకా మంచిది, భోజనం తర్వాత షుగర్ ఎగిరేది ఎగరకుండా తగ్గుతుంది. మా ఆవిడ ఇది విని, "ఏమండీ, అయితే ఆ చెత్త కవరు మీరే పట్టుకెళ్ళండి, ఒకేసారి నడక కూడా అయిపోతుంది" అంది. రాత్రి చెత్త నాది అలా అయింది.

ఎంత వేగంగా నడవాలి? వాచీ అక్కర్లేదు. బీచ్ రోడ్డులో రోజూ కనిపించే రిటైరైన పెద్దాయన ఒకరు నాకు చెప్పిన పద్ధతి కన్నా మంచిది నేను ఎక్కడా చూడలేదు: "మాటాడుతూ నడవాల. మాట ఆగిపోయిందంటే ఎక్కువైపోనాదన్న మాట. పాట వచ్చేస్తందంటే తక్కువైపోనాదన్న మాట." అంతే. వాక్యం పూర్తిగా పలకగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నడుస్తూ ఇంటికి ఫోన్ చేయండి, అవతలివాళ్ళు "ఏమిటి, పరిగెడుతున్నావా?" అని అడిగితే కొంచెం తగ్గించండి. గట్టి ఇంటర్వల్‌లో అయితే దానికి రివర్సు, "ఊ", "కాదు" తప్ప ఇంకేమీ రాకూడదు.

వాచీ ఉన్నవాళ్ళకి అంకెలు కావాలంటే, 220 లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం సుమారుగా వస్తుంది. ఇంకో సూత్రం ఉంది, వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసేయడం. సరిగ్గా నలభై ఏళ్ళకి రెండు సూత్రాలూ ఒకే అంకె చెప్తాయి, 180. అలా చూస్తే నలభై ఏళ్ళవాళ్ళకి నడకలో 115 నుంచి 135 మధ్య, గట్టి ఇంటర్వల్‌లో 153 నుంచి 171 మధ్య ఉండాలి. ఇవి అందరి సగటు మీద వేసిన అంకెలు, మీ గుండె పది అటూ ఇటూ ఉండొచ్చు. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకి ఈ లెక్క అసలు పనికిరాదు, అవి గుండె వేగాన్నే తగ్గిస్తాయి. మాట పరీక్షే వాళ్ళకి దిక్కు.

నాలుగు వారాలు అయ్యాక మొదటి హిట్ ఇలా చేయండి, గెంతుళ్ళు లేకుండా. పొద్దున్నే బీచ్ రోడ్డులో కొంతసేపు బండ్లు ఆపేస్తారు కదా, ఆ టైంలో వెళ్ళండి. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి పది నిమిషాలు మామూలుగా నడవండి. తర్వాత ఒక కరెంటు స్తంభం నుంచి తర్వాతి స్తంభం దాకా, చేతులు బాగా ఊపుతూ, మీకు వచ్చినంత వేగంగా నడవండి, పరుగు అలవాటున్నవాళ్ళు పరిగెత్తండి. తర్వాతి రెండు స్తంభాలూ మెల్లగా. మళ్ళీ ఒకటి గట్టిగా, రెండు మెల్లగా. మొదటి రోజు ఆరుసార్లు చాలు. చివరిది మొదటిదానంత వేగంగా రావాలి, రాలేదంటే మొదట్లో ఎక్కువ తోసేశారని. సబ్‌మెరైన్ మ్యూజియం దాటాక వెనక్కి తిరిగి మెల్లగా వచ్చేయండి. వారం వారం ఒకటి రెండు సార్లు పెంచుకుంటూ పదిసార్లకి చేరితే అక్కడ ఆగండి.

ఇసుకలో చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. మెత్తటి ఇసుకలో నడక గట్టి నేల మీద నడకకన్నా రెట్టింపు పైనే శక్తి తీసుకుంటుంది, కాబట్టి మామూలు నడకే అక్కడ హిట్ అయిపోతుంది. బాగుంది గానీ మొదటి నెలలో పిక్కలూ మడమ వెనక నరమూ దానికి తట్టుకోవు. నీళ్ళ అంచున తడి ఇసుక గట్టిగానే ఉంటుంది కానీ ఒక పక్కకి వాలుగా ఉంటుంది, అటువైపే పోతే ఒక మోకాలు మీదే భారం పడుతుంది, ఎంత దూరం వెళ్ళారో అంత దూరం వెనక్కి కూడా అదే అంచున రండి. చెమట పట్టిందని అలల్లోకి దిగకండి, ఆర్కే బీచ్ లోపలి ప్రవాహం ఎలాంటిదో ఊళ్ళో అందరికీ తెలుసు.

టైం మరీ ముఖ్యం. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి సరాసరి మొహం మీదికే వస్తాడు, బీచ్ రోడ్డులో నీడ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ఆరున్నరకే మాడ్చేస్తుంది. ఆ రెండు నెలలూ గట్టి ఇంటర్వల్స్ ఆరు లోపు ముగించండి, లేదా సాయంత్రం చీకటి పడ్డాక చేయండి, లేదా ఆ రోజు వదిలేసి నడవండి. ఉక్కపోత రోజు వాచీలో గుండె అంకె పది ఎక్కువ చూపిస్తే ఫిట్‌నెస్ పడిపోయిందని దిగులు పడకండి, వేగం తగ్గించి అంకెని దారికి తెచ్చుకోండి.

కొండ ఉంది కదా

నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి నార్వేవాళ్ళది, ట్రోన్‌ధైమ్‌లోని యూనివర్సిటీ పరిశోధనల్లోంచి వచ్చింది. నాలుగు నిమిషాలు గట్టిగా, గుండె వేగం గరిష్ఠంలో 85 నుంచి 95 శాతం, తర్వాత మూడు నిమిషాలు మెల్లగా, ఇలా నాలుగుసార్లు. ప్రాణం పెట్టే వేగం కాదు, "ఇంకో నిమిషం అయితే ఆగిపోతాను" అనిపించే వేగం. వార్మప్, కూల్‌డౌన్ కలిపితే నలభై నిమిషాలు. మన ఊరికి ఇది అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే వైజాగ్‌లో ఎటు చూసినా ఒక కొండ ఉంది, ఎత్తు ఎక్కేటప్పుడు పరిగెత్తక్కర్లేకుండా నడకతోనే గుండె ఆ వేగానికి వెళ్తుంది, మోకాళ్ళకి దెబ్బ తగలదు. కైలాసగిరి ఘాట్ రోడ్డులో నాలుగు నిమిషాలు గట్టిగా ఎక్కి, మూడు నిమిషాలు నిదానంగా నడిచి, మళ్ళీ ఎక్కండి. మెట్లదారిన వెళ్తే రెండు నిమిషాలకే మాట పోతుంది, మొదట రోడ్డే మంచిది. సింహాచలం మెట్లు వెయ్యికి పైనే, స్వామి దర్శనానికి వెళ్ళినప్పుడు ఎలాగూ ఎక్కితే సరే, వాచీ చూసుకుంటూ పోటీ పడడానికి అది చోటు కాదు, మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కేవాళ్ళకి అడ్డం పడతాం. దిగేటప్పుడు ఎక్కడైనా నెమ్మదిగా దిగండి, మర్నాడు తొడలు పట్టేయడానికి కారణం ఎక్కడం కాదు, దిగడం.

బయటికి వెళ్ళడమే కుదరనివాళ్ళకి అపార్ట్‌మెంట్ మెట్లు ఉన్నాయి. అయిదు అంతస్తులు చురుగ్గా ఎక్కి, లిఫ్టులో దిగి, మళ్ళీ ఎక్కండి. మూడుసార్లు అయ్యేసరికి సంగతి తెలుస్తుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనం తర్వాత ఆఫీసులో ఒకసారి, సాయంత్రం ఒకసారి, అలా విడగొట్టినా పనికొస్తుంది. బ్రిటన్‌లో వ్యాయామం అలవాటు లేదని చెప్పుకున్న 25 వేల మందికి చేతికి పట్టీలు కట్టి చూసిన పరిశోధన 2022లో వచ్చింది. బస్సు కోసం పరిగెత్తడం, మెట్లు గబగబా ఎక్కడం లాంటివి ఒకటి రెండు నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు పడేవాళ్ళలో, అసలు అలాంటివి లేనివాళ్ళతో పోలిస్తే, ఆ తర్వాతి ఏళ్ళలో మరణాలు దాదాపు 40 శాతం తక్కువగా కనిపించాయి. మెట్లెక్కడం వల్ల బతికారా, ఆరోగ్యం ఉంది కాబట్టి మెట్లెక్కారా అనేది ఇలాంటి లెక్క పూర్తిగా తేల్చలేదు. అయినా నేను లిఫ్టు బటన్ నొక్కడం మానేశాను.

వారం ఎలా సర్దుకోవాలి

నా వారం చెప్తాను, మీరు మీకు తగ్గట్టు మార్చుకోండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం గురుద్వారా నడక, వర్షం వస్తే లేదు, ఆఫీసులో ఆలస్యమైతే లేదు, మూడు రోజులు కుదిరినా సంతోషం. బుధవారం పొద్దున్న స్తంభాల ఇంటర్వల్స్, అంతకు ముందు రాత్రి ఆరు గంటలైనా నిద్ర పడితేనే. ఆదివారం కైలాసగిరి. ఇవి కాక వారంలో రెండుసార్లు ఇంట్లోనే గుంజీలు, గోడకి పుషప్‌లు, ఒక ఇరవై నిమిషాలు, ఎందుకంటే కార్డియో ఒక్కటే చేస్తే కండకి సరిపోదు.

స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి ఈ క్యాలెండర్ పనికిరాదు. నైట్ షిఫ్టు దిగి వచ్చి హిట్ చేయడం కన్నా పిచ్చి పని లేదు, ఒళ్ళు అప్పటికే అలసి ఉంటుంది, పైగా ఆ ఊపుకి నిద్ర కూడా చెడుతుంది. నైట్ షిఫ్టుల వారంలో హిట్ పూర్తిగా తీసేసి, నిద్ర లేచాక సాయంత్రం అరగంట నడక ఒక్కటే ఉంచండి. మధ్యాహ్నం షిఫ్టు వారమే హిట్‌కి అనువైనది, రాత్రి వచ్చి పడుకుని లేచాక పొద్దున్న టైం మీదే. చిన్న పిల్లలున్న ఇంట్లో ఆడవాళ్ళు పొద్దున ఆరింటికి బీచ్‌కి వెళ్ళండి అంటే నవ్వుతారు, ఆ టైంలో వాళ్ళు ఒక చేత్తో ఇడ్లీ ప్లేట్లు, ఇంకో చేత్తో క్యారేజీలు చూసుకుంటుంటారు. వాళ్ళకి మెట్లే సరి, పిల్లలని స్కూల్ బస్సు ఎక్కించి తిరిగి వచ్చేటప్పుడు లిఫ్టు కాకుండా. లేదా క్యారేజీల పని మొగుడికి అప్పజెప్పడం, అది ఇంకా మంచి పద్ధతి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. నడకకి ఖాళీ కడుపు ఫరవాలేదు. గట్టి ఇంటర్వల్స్ ముందు అరటిపండు సగం, కాసిని మంచినీళ్ళు. వచ్చాక మా ఇంట్లో మజ్జిగ కలిపిన చోడి (రాగి) అంబలి, చిటికెడు ఉప్పుతో. ఇంత చెమట పోయాక ఆ ఉప్పు కూడా కావాలి, బీపీ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ చెప్పినంతే.

ఎవరు ఆగాలి

షుగర్, బీపీ, సిగరెట్ అలవాటు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు, వీటిలో ఏది ఉన్నా హిట్ మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని అడగండి, ఆయన ఈసీజీయో టీఎంటీయో (ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెని చూసే పరీక్ష) రాస్తే బద్ధకించకుండా చేయించుకోండి. ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకి వ్యాయామంలో షుగర్ బాగా పడిపోవచ్చు, జేబులో గ్లూకోజ్ పొడో చక్కెరో ఉండాలి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్ళు తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే "ఈ ఒక్క సెట్టు పూర్తి చేద్దాం" అనుకోవద్దు, అక్కడే కూర్చుని పక్కన ఎవరినైనా పిలవండి, 108కి ఫోన్ చేయించండి. గ్యాస్ అనుకుని సోడా తాగి ఇంటికి నడవకండి. జ్వరం తగ్గిన వారంలోనూ, నిద్ర లేని రాత్రి మర్నాడూ ఇంటర్వల్స్ వద్దు. మోకాలు వాస్తే మానేయాలి, కండ నొప్పి రెండు రోజుల్లో తగ్గితే అది మామూలే.

మెరుగవుతున్నామో లేదో చూసుకోవడానికి తూకం మిషన్ మీద నమ్మకం పెట్టుకోకండి, అది నెలల తరబడి కదలదు. ఆరు వారాలకొకసారి ఒకే దారిని, ఒకే టైంలో, ఒకే రకం వాతావరణంలో ఎక్కి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. కైలాసగిరి రోడ్డు నేను మొదటిసారి ఎక్కినప్పుడు మధ్యలో రెండుసార్లు పిట్టగోడ మీద కూర్చున్నాను. ఇప్పుడు కూర్చోను, పైకి వెళ్ళాక ఒక నిమిషంలో మాట తిరిగి వస్తుంది. షుగర్ ఇంకా బోర్డర్‌కి ఇవతలే ఉంది. కింద ఫ్లాట్ పెద్దాయన కూడా ఆదివారాలు వస్తున్నారు, కొండ ఎక్కరు, కింద తెన్నేటి పార్కు దగ్గర నడుస్తుంటారు. మొన్న నేను దిగి వచ్చి ఆయాసపడుతుంటే చూసి, "మళ్ళీ పిండి దంచినావేటి?" అన్నారు.